మారుమూల అనే ముందు, ఎక్కడి నుంచి మారుమూలో రాయండి

ఆదివారం అనుబంధాల సంపాదకులకు, మా వైపు వచ్చి వెళ్లి వ్యాసాలు రాసే రచయితలకు

నమస్కారం.

నేను హనుమకొండలో ఉంటాను. ముప్పై రెండేళ్లు ప్రభుత్వ పాఠశాలల్లో సాంఘిక శాస్త్రం చెప్పి ఉద్యోగ విరమణ చేశాను. మా మేనల్లుడికి ఒక కారు ఉంది, దాన్ని కిరాయికి తిప్పుతాడు. హైదరాబాదు నుంచి మీలో ఎవరైనా రామప్పకో, లక్నవరానికో, మేడారానికో వస్తే, 'మా మామయ్యకు చరిత్ర తెలుసు' అని నన్నూ వెంట వేసుకొస్తాడు. ముందు సీటులో కూర్చుంటాను, అడిగినవి చెబుతాను. డబ్బు తీసుకోను, దారిలో టీ మాత్రం మీరు ఇప్పిస్తారు. ఈ ఆరేడేళ్లలో అలా పాతిక ముప్పై మంది రచయితలను చూశాను. తిరిగి వెళ్లాక వారు రాసినవీ చదివాను. అలా చదివీ చదివీ ఇక ఉండబట్టక ఈ ఉత్తరం రాస్తున్నాను.

మొన్న వచ్చిన వ్యాసంలో మా మేనల్లుడు కూడా ఉన్నాడు. పేరు లేదు గాని మనిషి వాడే. అడవి దారులన్నీ కంఠతా వచ్చిన అమాయకపు డ్రైవరట. వాడు మెకానికల్ ఇంజినీరింగ్ చదివాడు. పుణెలో రెండేళ్లు ఉద్యోగం చేసి, అక్కడి జీతం అక్కడి అద్దెకే చాలడం లేదని తిరిగొచ్చి, బ్యాంకు అప్పుతో కారు కొన్నాడు. అడవి దారులు వాడికీ రావు, ఫోనులో మ్యాపు చూసుకొని నడుపుతాడు. ఆ సమయానికి మీ రచయిత వెనుక సీటులో నిద్రపోతున్నందువల్ల అది ఆయన కంట పడలేదు. వ్యాసం రెండుసార్లు చదివి, "మామయ్యా, అమాయకుడు అంటే కిరాయి తగ్గించి అడగవచ్చని అర్థమా?" అన్నాడు. నవ్వేశాను గాని, ఆలోచిస్తే వాడు అన్నదాంట్లో తప్పేమీ కనిపించలేదు.

అదే వ్యాసం మొదటి వాక్యంలో 'మారుమూల' అనే మాట ఉంది. బడిలో పటం గోడకు తగిలించి పిల్లలకు దిక్కులు నేర్పినవాణ్ని కదా, ఆ మాట దగ్గరికి వచ్చేసరికి నా వేలు ఆగిపోతుంది. మూల ఉందంటే ఎక్కడో నడిమి ఉండాలి. ఆ నడిమి ఎవరు నిర్ణయించారు? హైదరాబాదు నుంచి వరంగల్ సుమారు 150 కిలోమీటర్లు. ఢిల్లీ నుంచి చెన్నై వెళ్లే రైళ్లు మా కాజీపేట మీదుగానో, వరంగల్ మీదుగానో పోతాయి. రామప్ప గుడి శాసనం 1213 నాటిది. హైదరాబాదుకు పునాది పడింది 1591లో. అంటే పాలంపేటలో ఆ గుడి వెలిసిన 378 ఏళ్లకు గాని మీ నగరం పుట్టలేదు. 1851లో లండన్‌లో జరిగిన మహా ప్రదర్శనకు ఓరుగల్లు తివాచీలు వెళ్లాయి. దేశంలోని మొదటి ప్రాంతీయ ఇంజినీరింగ్ కళాశాలకు 1959లో నెహ్రూ శంకుస్థాపన చేసింది ఇక్కడే. గొప్పలు చెప్పుకోవడానికి ఇవన్నీ ఏకరువు పెట్టడం లేదు. (కొంత అదీ ఉందిలెండి, ఒప్పుకుంటాను.) మీకు మేమెంత దూరమో మాకు మీరూ అంతే దూరం. అయినా ఇన్నేళ్లలో 'మారుమూల హైదరాబాదు' అని రాసిన పత్రికను నేను చూడలేదు.

కారులో కూర్చుని గమనించిన సంగతి ఒకటి చెబుతాను. మీలో చాలామంది జనగామ దాటకముందే మొదటి పేరా మనసులో రాసేసుకుంటారు. అక్కడి నుంచి ప్రయాణమంతా ఆ పేరాకు సరిపోయే బొమ్మ కోసం వెతుకులాటే. "అడవి ఎక్కడ మొదలవుతుంది మాస్టారూ?" అని పరకాల రోడ్డు మీదే అడుగుతారు. ఒకాయన ఒక ఊళ్లో దిగి, "ఇక్కడ గుడిసెలు లేవా?" అన్నారు. ఆ వీధిలో అన్నీ డాబాలే. ఆయన వీధంతా నడిచి, చివర ఉన్న పశువుల కొట్టం దగ్గర ఆగి ఫొటో తీసుకున్నారు. పత్రికలోకి వచ్చేసరికి ఆ కొట్టం ఇల్లయింది. బర్రెను మాత్రం ఫొటోలో పడకుండా చూసుకున్నారు.

తప్పంతా మీదే అనను. మీకు కావలసిన సరుకు అమ్మడానికి మేమూ దుకాణం తెరిచాం. మా మేనల్లుడు ఇప్పుడు రచయితలు ఎక్కారంటే ములుగు దాటాక ఏ మలుపులో పెంకుటిల్లు ఉందో, ఏ విప్పచెట్టు కింద పశువుల కాపరి కూర్చుంటాడో చూసి, సరిగ్గా అక్కడే కారు ఆపుతాడు. రామప్పలో నేనూ అంతే. నీళ్ల మీద తేలే ఇటుక గురించి అడగని వారు లేరు, చెప్పకుండా నేనూ ఉండను. అంత తేలిక ఇటుకలు ఎందుకు చేయించారని అడిగినవారు మాత్రం నాకు గుర్తున్నంతవరకు ఇద్దరు. పునాది కింద ఇసుక, పైన రాతి దూలాలు, వాటి మీద శిఖరం, దాని బరువు తగ్గాలంటే ఇటుక తేలికగా ఉండాలి అని నేను మొదలుపెట్టేసరికి ఆ ఇద్దరిలో ఒకరికి ఫోను వచ్చింది.

చూసే ముందే రాసుకోవడం మీతో మొదలైన జబ్బు కాదు. పదమూడో శతాబ్దం చివరలో మార్కో పోలో మన తీరానికి వచ్చాడు. కాకతీయుల రేవు మోటుపల్లి పేరునే రాజ్యానికంతటికీ పెట్టి, ఇక్కడ ఒక రాణి పాలిస్తోందని, ఆమె చనిపోయిన రాజుగారి భార్య అని, భర్త మీది ప్రేమతో మళ్లీ పెళ్లాడకుండా నలభై ఏళ్లుగా న్యాయంగా ఏలుతోందని రాశాడు. ఆ రాణి మన రుద్రమదేవి అనే చరిత్రకారుల మాట. ఆమె గణపతిదేవుడి భార్య కాదు, కూతురు. తండ్రి తనకు వారసురాలిగా నిలబెట్టాడు, మగపేరుతో రుద్రదేవ మహారాజుగా శాసనాలకెక్కింది. ఆడది సింహాసనం మీద ఉందంటే భర్త పోయి ఉండాలి అన్నది ఆయన వెంట తెచ్చుకున్న లెక్క. కూతురు అనే ఊహకు ఆ లెక్కలో చోటు లేదు.

ఆయనే వజ్రాల కథ కూడా రాశాడు. పాములు నిండిన లోయల్లోకి మాంసం ముక్కలు విసిరితే, వజ్రాలు అతుక్కున్న ఆ ముక్కలను గద్దలు ఎత్తుకొస్తాయట. ఈ కథ ఆయనకు ఎన్నో వందల ఏళ్ల ముందు నుంచే పశ్చిమ దేశాల్లో తిరుగుతోంది. అక్కడ విన్నదాన్ని ఇక్కడికి మోసుకొచ్చి మన నేల మీద దించాడు. గనుల్లో దిగి మట్టి కడిగిన కూలీల చోట గద్దలు వచ్చి వాలాయి. అదే పోలో ఇక్కడి బట్టల గురించి రాసిన వాక్యం చూడండి. సాలెగూడు దారంలా ఉంటాయని, వాటిని కట్టుకోవడానికి సంతోషించని రాజూ రాణీ లోకంలో ఉండరని రాశాడు. ఇది చేత్తో పట్టుకొని చూసిన మనిషి మాట. ఈ పాఠం చెప్పినప్పుడు ఒక పిల్లవాడు లేచి, "సార్, ఆయన బట్టల దుకాణానికి వెళ్లాడు, గని దగ్గరికి వెళ్లలేదు, అంతేగా?" అన్నాడు. అంతే నాయనా అన్నాను.

మేడారం దగ్గర మీరు చేసే పని కూడా ఇలాంటిదే. ప్రతి జాతరకూ 'తెలంగాణ కుంభమేళా' అన్న శీర్షిక తప్పదు. ఆ మాట వాడింది మీరే కాదు, మా నాయకులూ వాడతారు, మా స్థానిక విలేకరులూ వాడతారు, ఒకప్పుడు నేనూ నల్లబల్ల మీద రాశాను. జనం లెక్క చెప్పడానికి తప్ప ఆ పోలిక దేనికీ పనికిరాదు. కుంభమేళాకు మూలం నదీస్నానం. మేడారంలో జంపన్న వాగులో మునుగుతారు, నిజమే, కాని జాతర ప్రాణం వాగులో లేదు. కన్నెపల్లి నుంచి సారలమ్మ గద్దెకు వస్తుంది. మరునాడు చిలకలగుట్ట నుంచి సమ్మక్క వస్తుంది. విగ్రహం ఉండదు. కోయ పూజారులు కుంకుమ భరిణెను గుట్ట దింపి తెస్తుంటే దారి పొడవునా జనం నేల మీద సాగిలపడతారు. బెల్లాన్ని బంగారం అంటారు, మనిషి ఎత్తు తూచి ఇస్తారు. రాజుకు కప్పం కట్టబోమని ఎదురు తిరిగి పోరాడిన తల్లీకూతుళ్లు నాలుగు రోజులు పుట్టింటికి వచ్చినట్టు వచ్చి, తిరిగి అడవికి వెళ్లిపోతారు. ఇందులో కుంభమేళా ఎక్కడ ఉంది? పోలిక చెప్పగానే చదివేవారి కళ్లముందు గంగ ఒడ్డు, సాధువులు, ధూళి కదలాడతాయి. ఇక గద్దె మీదికి ఎవరు వస్తున్నారో వారికి తెలియవలసిన పని ఉండదు.

ఆ కథను పుస్తకం లేకుండా డోలి కొడుతూ తరం నుంచి తరానికి పాడుకొచ్చిన కోయ కళాకారులున్నారు. వారిలో ఒకరైన సకిని రామచంద్రయ్యకు 2022లో పద్మశ్రీ వచ్చింది. ఆయన ఇప్పుడు లేరు. 'అడవి బిడ్డలు', 'ప్రకృతి ఒడిలో పసిపాపలు' అని రాసే ముందు ఒక్కసారి ఆలోచించండి. వంశాల పేర్లు, ఊళ్ల పేర్లు, యుద్ధాల వరుస రాత్రంతా తడుముకోకుండా పాడే మనిషి పసిపాప ఎలా అవుతాడు? మన ఎం.ఏ. చరిత్ర విద్యార్థిని అంతసేపు నిలబెట్టి చూడండి, తెలుస్తుంది.

ఇప్పుడు చెప్పబోయేది నాకు కొంచెం కష్టమైన సంగతి. 1998 నాటిది. ఆ సాగు ఏడు అకాల వానలు, లద్దె పురుగు కలిసి మా జిల్లాలో పత్తిని తుడిచిపెట్టాయి. మందుల దుకాణాల్లో అప్పులు పెరిగాయి. కొట్టిన మందు పురుగును చంపలేదు, మనుషులే అదే మందు తాగి చనిపోయారు. నర్సంపేట వైపు ఒక ఊళ్లో నా విద్యార్థి తండ్రి అలా పోయాడు. ఆ వారంలో ఆ ఇంటికి మూడు పత్రికల వారు వచ్చారని విన్నాను. ఒకరు వచ్చినప్పుడు నేను అక్కడే ఉన్నాను. ఆ తల్లిని గడప మీద కూర్చోమన్నారు. భర్త ఫొటో ఒళ్లో పెట్టుకోమన్నారు. దాని మీద దండ లేదేమని అడిగారు. అది పెళ్లినాటి ఫొటో, దానికి దండ వేయాలని ఆ ఇంట్లో అప్పటికి ఎవరికీ తోచలేదు. ఎవరో పరుగెత్తి దండ తెచ్చారు. ఆమె కొంగు సర్దుకోబోతే, వద్దమ్మా అలాగే ఉండనివ్వు అన్నారు.

ఆ వార్త రాయవద్దని నేను అనడం లేదు. రాయకపోతే మా చావులు ఎవరికి తెలిసేవి? ఆ రాతల వల్లే కదా ప్రభుత్వం కొంతైనా కదిలింది. నా గోడు ఆ తర్వాతి దాని గురించి. ఆమె పొలం అమ్మలేదు. ఇంకొంత కౌలుకు తీసుకుంది. మందుల దుకాణం బాకీ ఏడేళ్లు కట్టింది. కూతురి పెళ్లి చేసింది, కొడుకును చదివించింది. పత్తి తగ్గించి మిర్చిలోకి దిగింది. మా వైపు పండే చపాట మిర్చి మీరు చూసే ఉంటారు, టమాటాలా గుండ్రంగా, ఎర్రగా, కారం తక్కువగా ఉంటుంది. దానికి 2025లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఆ కాయ బస్తాల మీద ఎనుమాముల మార్కెట్టులో ఆమె ఎన్ని రాత్రులు నిద్రపోయిందో లెక్క లేదు. అడ్తిదారు కమీషను, హమాలీ కూలి, కాంటా దగ్గర జరిగే తరుగు, ఏవీ ఆమె నోటి లెక్క దాటిపోవు. ఈ ఇరవై ఏడేళ్ల కథ కోసం ఒక్కరూ ఆ గడప తొక్కలేదు. ఆ పాత ఫొటో మాత్రం తర్వాత రెండుసార్లు వేరే వ్యాసాలకు వేశారని కొడుకు చూపించాడు. ఆమెకు అరవై దాటాయి. మీ ఫొటోలో ఇంకా ముప్పై ఏళ్లే, ఇంకా అదే గడప మీద కూర్చుని ఉంది.

'అప్పుడు' అని రాయవలసిన చోట మీరు 'ఎప్పుడూ' అని రాస్తారు. నా ఫిర్యాదులో పెద్ద భాగం ఈ రెండు మాటల మధ్యే ఉంది. 1978లో జగిత్యాల, సిరిసిల్ల తాలూకాలను కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించారు. 1981 ఏప్రిల్ 20న ఇంద్రవెల్లిలో పోలీసు కాల్పుల్లో గోండులు చనిపోయారు. ఆ తర్వాతి ఏళ్లు మేమూ చూశాం, చీకటి పడితే తలుపు తట్టేది ఎవరో తెలియక కూర్చున్న రోజులు మాకూ ఉన్నాయి. అవి దాచమని అడిగితే నేను సాంఘిక శాస్త్రం చెప్పినట్టే కాదు. తేదీ వేసి రాయండి అంటున్నాను. తేదీ లేని భయం వాడిపోదు. 2006లో మా అమ్మాయి సంబంధం కుదుర్చుకోవడానికి కోస్తా నుంచి వచ్చిన పెద్దలు కట్నకానుకల మాట కంటే ముందు, "మీ ఊళ్లో చీకటి పడ్డాక బస్సులు తిరుగుతాయా?" అని అడిగారు. మంచివారు, పత్రికలు చదివే అలవాటున్నవారు, అదే వచ్చిన చిక్కు. పెళ్లి అయింది. మొదటిసారి మా ఇంటికి వచ్చినప్పుడు వియ్యంకులు టార్చిలైటు తెచ్చుకున్నారు. ఇప్పటికీ ఆటపట్టిస్తుంటాం. ఆయన మాత్రం ఆ టార్చి ఎప్పుడూ వృథా పోలేదని, మీ కరెంటు సంగతి నాకు తెలియదా అని తిరిగి అంటారు.

పొగిడి రాసినా ఇదే తంతు. 'ఓరుగల్లు పోరుగడ్డ' అన్న మాట మా వాళ్లకే ఎక్కువ ఇష్టం, నేనూ వార్షికోత్సవ సభల్లో గొంతెత్తి అన్నాను. అంటూనే ఎదుట కూర్చున్న పిల్లలను చూసేవాణ్ని. ఒకడికి బేకరీ పెట్టాలని ఉంది, ఇంకొకడికి లెక్కల్లో తప్పకుండా గట్టెక్కితే చాలు. మీ రచయిత ఒకరు మా ఇంట్లో భోజనం చేస్తూ, "అమ్మా, మీరు ఏ పోరాటంలో పాల్గొన్నారు?" అని మా ఆవిడను అడిగారు. ఆమె, "మా వీధి కుళాయి కోసం మున్సిపాలిటీ చుట్టూ నాలుగేళ్లు తిరిగాను, రాసుకోండి" అంది. ఆయన కలం తీయలేదు. కందిపచ్చడి బాగుందని మాత్రం రాశారు. ఆ మాట నిజమే, దానికి కృతజ్ఞతలు.

పాత మాట ఒకటి గుర్తు చేస్తాను. నిజాం రాష్ట్రంలో తెలుగు కవులే లేరని ఒకప్పుడు ఒకరు అచ్చులో రాశారు. దానికి సురవరం ప్రతాపరెడ్డి తిట్లతో బదులివ్వలేదు. ఊరూరా ఉత్తరాలు రాసి, పద్యాలు తెప్పించి, 1934లో గోలకొండ కవుల సంచిక తెచ్చారు. అందులో 354 మంది కవులు. ఆ రాసినవారు ఎన్ని ఊళ్లు తిరిగి చూసి లేరన్నారో గాని, లేరు అనడానికి ఒక వాక్యం చాలింది, ఉన్నారు అని చూపడానికి ఒక పెద్ద గ్రంథం కావలసి వచ్చింది. ఎవరి వాక్యానికి ఎవరు మోత మోయాలో ఇక్కడ కనిపిస్తుంది.

అయితే మేము మా గురించి మేము చదువుకున్నామా? కరీంనగర్ జిల్లా గంగాధర మండలంలో కురిక్యాల దగ్గర బొమ్మలమ్మ గుట్ట ఉంది. పదో శతాబ్దంలో జినవల్లభుడు అక్కడి రాతి మీద తెలుగు కందపద్యాలు చెక్కించాడు. నన్నయ రాజమహేంద్రవరంలో భారతం మొదలుపెట్టడానికి దాదాపు వందేళ్ల ముందు మాట. నేను అక్కడికి బస్సులో వెళ్లగలిగినంత దూరంలో పనిచేస్తూ కూడా ఇరవై ఏళ్లలో ఒక్క తరగతినీ తీసుకెళ్లలేదు. మా విహారయాత్రలు ఎప్పుడూ హైదరాబాదు జంతు ప్రదర్శనశాలకే వెళ్లాయి. అంటే నా పటంలో కూడా నడిమి మీ దగ్గరే ఉండేదన్నమాట.

ఇంకో తప్పు చెప్పుకుంటే మనసు తేలికపడుతుంది. కొన్నేళ్ల కిందట మా మేడ మీది గదిని ఇక్కడి ఎన్ఐటీలో చదివే నాగాలాండ్ అబ్బాయికి అద్దెకిచ్చాను. మోన్ జిల్లావాడు. మొదటి వారంలో నేను అడిగిన ప్రశ్నలు తలచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది. ఏమి తింటారు, తలలు నరికేవారట నిజమేనా, మీ ఊరికి రోడ్డు ఉందా. పాఠాలు చెప్పిన మనిషిని, అయినా అడిగాను. అతను ఓపికగా జవాబులు చెప్పి, చివర, "సార్, నేనూ ఒకటి అడగవచ్చా? ఇక్కడ ప్రతి ఊళ్లోనూ నక్సలైట్లు ఉంటారా? మా అమ్మ రోజూ ఫోనులో అడుగుతోంది" అన్నాడు. వాళ్ల అమ్మ వరంగల్ గురించి చదివిన వార్తలన్నీ తుపాకుల వార్తలే. నేను వాళ్ల కొండల గురించి చదివినవన్నీ కత్తుల కథలే. ఇద్దరమూ పత్రికలు నమ్మేవాళ్లమే.

తర్వాత మా మాటల్లో హైమన్‌డార్ఫ్ వచ్చాడు. ఆస్ట్రియా మానవశాస్త్రవేత్త. 1936, 37లో ఆ అబ్బాయి వాళ్ల కొన్యాక్ నాగా తెగ ఊళ్లలో ఉండి, 1939లో ఇంగ్లీషులో ఒక పుస్తకం తెచ్చాడు. నాగాలను నగ్నులని ఆ పుస్తకం పేరులోనే అనేశాడు. అదే మనిషి తర్వాత మన ఆదిలాబాదుకు వచ్చాడు. 1940లో జోడేఘాట్‌లో కొమరం భీమును చంపిన తర్వాత గోండుల కష్టాలేమిటో చూడమని నిజాం ప్రభుత్వం ఆయనను పంపింది. మార్లవాయిలో గుడిసె వేసుకొని ఉన్నాడు, వారి భాష నేర్చాడు, గోండి పిల్లలకు బడులు పెట్టించాడు. ఆయన భార్య సమాధి ఇప్పటికీ మార్లవాయిలో ఉంది, ఊరివారు పూలు పెడతారు. గోండుల మీద రాసిన పుస్తకం పేరులో 'రాజ' గోండులు అన్నాడు. ఒకే కలం ఒక చోట ఒంటి మీద బట్ట లేకపోవడం చూసింది, ఇంకో చోట రాజ్యం చూసింది. ఆ అబ్బాయి అన్న మాట నేను మరచిపోలేను. "మా ఊళ్లో ఆ పుస్తకాన్ని తిట్టుకుంటారు సార్. కాని దాచుకుంటారు. మా తాతల ఫొటోలు ఇంకెక్కడా లేవు."

బాగా రాసినవారూ, బాగా రాయనివారూ అని రెండు వరుసలు గీసి మిమ్మల్ని నిలబెట్టకుండా నన్ను ఆపింది ఆ మాటే. రేపు మా మనవలు మీ వ్యాసాలను అలాగే దాచుకోవచ్చు. అందుకే ఆ ఫొటో కింద పేరు ఉండాలని నా పట్టు. కేస్లాపూర్ నాగోబా జాతరకు వెళ్లి గుస్సాడీ నృత్యం చేసేవారి నెమలి ఈకల టోపీని, పచ్చబొట్ల అవ్వను ఫొటో తీసి కింద 'ఆదివాసీ వృద్ధురాలు' అని వేస్తారు. ఆమె పక్కనే ఆమె మనవడు నిలబడి ఉంటాడు, అడిగితే పేరు చెబుతాడు, పలకడం రాకపోతే రాసి ఇస్తాడు. ఆ జాతర జరిపే మెస్రం వంశీయులు గోదావరి నీళ్ల కోసం కాలినడకన వెళ్లివస్తారు, కొత్త కోడళ్లను దేవుడి ముందు పరిచయం చేస్తారు, చందాలు వేసుకొని తమ గుడిని తామే రాతితో కట్టుకున్నారు. చందా పుస్తకం రాసుకున్న ఆ మనుషుల పక్కన 'నాగరికతకు దూరంగా' అన్న మీ వాక్యం పెట్టి చదివి చూడండి. ఈ విషయంలో నేనూ శుద్ధుణ్ని కాను. 'గోండి భాషకు లిపి లేదు' అని ఏళ్ల తరబడి పాఠం చెప్పాను. నార్నూర్ మండలం గుంజాలలో ఆ లిపిలో రాసిన చేతిరాత ప్రతులు అటకల మీద ఉండగానే చెప్పాను. 2018లో ఆ లిపి యూనికోడ్‌లో చేరింది. నా పాత విద్యార్థి ఒకడు ఆ అక్షరాల్లో తన పేరు రాసి ఫోనుకు పంపాడు, కింద ఏమీ రాయలేదు. నాకు అర్థమైంది.

మిమ్మల్ని అడిగేవి పెద్ద కోరికలేమీ కావు. ఒక రాత్రి ఎక్కువ ఉండండి. మధ్యాహ్నం వచ్చి సాయంత్రం వెళ్లే కారులో మీ మొదటి పేరా మారదు. మనిషి పేరు, ఊరు, చేసే పని అడిగి, వారికి అభ్యంతరం లేకపోతేనే రాయండి. 'అమాయక', 'మారుమూల', 'వెనుకబడిన' అన్న మాటలు కలం దాకా వస్తే ఎవరితో పోల్చి, ఏ లెక్కన అన్నది పక్కనే రాయండి, రాయలేకపోతే కొట్టేయండి. సంపాదకులకు వేరే మనవి. ఈ వైపు మనుషులు పంపే వ్యాసాలను 'స్థానిక' పేజీకి, హైదరాబాదు నుంచి వచ్చి వెళ్లినవారి వ్యాసాలను అనుబంధం మొదటి పేజీకి పంచే పద్ధతి మీ దగ్గర ఉంది. ములుగులో, ఉట్నూరులో, సిరిసిల్లలో రాయగలిగినవారు లేక కాదు. వారు ఊరి సంగతి రాస్తే అది వార్త, మీరు రాస్తే సాహిత్యం అవుతోంది. పారితోషికంలో తేడా సంగతి ఇక్కడ ఎత్తను.

ఈ ఉత్తరం పంపే ముందు నర్సంపేట వెళ్లి ఆ తల్లికి చదివి వినిపించాను, ఆమె సంగతి ఉంది కాబట్టి. దండ సంగతి రాయడానికి ఒప్పుకుంది, ఊరి పేరు వద్దంది. కొంగు మాట దగ్గర కాసేపు ఏమీ అనలేదు. తర్వాత ఒక వాక్యం చేర్చమంది. "రమ్మనండి సారూ. మిర్చి కల్లంలో ఉన్నప్పుడు, ఫిబ్రవరి చివర రమ్మనండి. ఫొటో పట్టుకొని కూర్చోను. కిందటేటి తక్‌పట్టీలు, అదే అడ్తిదారు రాసిచ్చిన అమ్మకం చీటీలు, అన్నీ ఉన్నాయి, అవి చూపిస్తాను, కాంటాలో ఎంత పోయిందో రాసుకోమనండి."

వచ్చేటట్టయితే మా మేనల్లుడి కారు ఉంది. కిరాయిలో బేరం లేదని ముందే చెప్పమన్నాడు.

ఇట్లు,
ఒక విశ్రాంత సాంఘిక శాస్త్ర ఉపాధ్యాయుడు,
హనుమకొండ